చూడ్డానికి ఒకే గచ్చు, కింద నాలుగు రకాల ఫ్లోర్: కొండాపూర్‌లో ఒక రెస్టారెంట్, పక్కనే చీరల షాపు

హైదరాబాద్‌లో కొండాపూర్ మెయిన్ రోడ్డు మీద ఒక బిల్డింగ్. గ్రౌండ్ ఫ్లోర్‌లో పక్కపక్కనే రెండు షటర్లు. ఒకటి తమ్ముడిది, బిర్యానీ, మీల్స్, పొద్దున్నే టిఫిన్లు. రెండోది అక్కది, చేనేత చీరలు, ఎక్కువగా పోచంపల్లి, గద్వాల, నారాయణపేట. మధ్యలో గోడ ఉంది కానీ ముందంతా అద్దాలే, రోడ్డు మీద నిలబడితే రెండు షాపుల నేల ఒకేసారి కనిపిస్తుంది. అందుకే ఇద్దరూ కలిసి ఫ్లోర్లు వేసే నన్ను ఒకటే అడిగారు: ఉన్న టైల్స్ పీకేసి, ఈమధ్య కేఫ్‌లలో వేస్తున్న సిమెంటు రంగు కాంక్రీట్ ఫ్లోర్ రెండు షాపుల్లోనూ ఒకేలా రావాలి.

ఒకేలానే కనిపించింది. కానీ కింద వేసింది నాలుగు రకాలు. ఎందుకలా చేయాల్సి వచ్చిందో కాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే షాపు పెట్టేవాళ్లు నన్ను మొదట అడిగేది ఎప్పుడూ రంగు గురించో, అడుగుకు రేటు గురించో ఉంటుంది. ఆ నేల మీద రోజూ ఏం పడుతుంది, దాన్ని ఎవరు, దేంతో తుడుస్తారు అనే మాట రాదు. నేను చూసినంతలో డెకరేటివ్ కాంక్రీట్ ఫ్లోర్లు ఎక్కువగా పాడవుతున్నది ఆ రెండు సంగతులు ముందే తేల్చుకోకపోవడం వల్లే.

చీరల షాపు 900 చదరపు అడుగులు, డైనింగ్ 1,100, వెనక కిచెన్, గిన్నెలు కడిగే చోటు కలిపి 500, ఇవి కాక ముందు మెట్లు, చిన్న వరండా. బిల్డింగ్ ఓనర్ రెండు నెలలు అద్దె లేకుండా ఇచ్చారు, పని ఏప్రిల్‌లో మొదలైంది. అంటే మండే ఎండల్లో కాంక్రీట్ పోయాలి, దానికి ఆరే టైమ్ ఇవ్వాలి, ఈలోపు ఇంటీరియర్ వాళ్లు మేం ఎప్పుడు రావాలి అని ఫోన్లు చేస్తూనే ఉంటారు. టెన్షన్ అంతా అక్కడే.

ముందు సెల్లార్‌లోకి దిగాలి

మన ఊళ్లో మెయిన్ రోడ్ల మీది బిల్డింగులకు చాలావాటికి కింద సెల్లార్ పార్కింగ్ ఉంటుంది. ఫ్లోర్ చూడమని పిలిస్తే నేను షాపులోకి వెళ్లే ముందు సెల్లార్‌లోకి దిగుతాను. కింద నిలబడి పైకి చూస్తే బీములు ఎటు వెళ్తున్నాయో, పిల్లర్లు ఎక్కడున్నాయో, ఎక్కడ నీళ్లు కారిన మరకలున్నాయో అన్నీ తెలుస్తాయి. స్లాబ్ బీము మీదుగా వెళ్లే చోట దాని పైభాగం లాగుడులో ఉంటుంది, కాబట్టి పైన వేసే గచ్చులో పగులు రావాల్సి వస్తే ముందు ఆ లైన్‌లోనే వస్తుంది. ఆ లైన్లన్నీ కొలిచి పైన ప్లాన్ మీద గీసుకున్నాం.

అక్కడే ఇంకో సంగతి బయటపడింది. సెల్లార్ గోడ డైనింగ్ వెనక అంచు దగ్గరే ఆగిపోయింది. కిచెన్ కింద సెల్లార్ లేదు, మట్టి నింపి దాని మీద మామూలు కాంక్రీట్ వేశారు. అంటే డైనింగ్ బీముల మీద నిలబడ్డ స్లాబ్, కిచెన్ నింపుడు మట్టి మీద ఆనుకున్న నేల. నింపుడు మట్టి ఎంత దిమ్మిస కొట్టినా ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా దిగుతుంది, స్లాబ్ దానితో పాటు దిగదు. ఈ రెండింటి మీదుగా జాయింట్ లేకుండా ఒకటే ఫ్లోర్ లాగితే, మెటీరియల్ ఎంత ఖరీదైనదైనా సరే, సరిగ్గా ఆ గోడ లైన్‌లో చీలుతుంది. కాబట్టి కిచెన్ తలుపు దగ్గర కదలికకు చోటిచ్చే జాయింట్ తప్పదని మొదటి రోజే చెప్పేశాను.

టైల్స్, వాటి కింది మసాలా తీసేస్తే స్లాబ్ నుంచి షటర్ లెవెల్ వరకు 65 ఎంఎం దొరికింది. అందులో 60 ఎంఎం కాంక్రీట్ పోస్తే చదరపు మీటరుకు సుమారు 144 కేజీల బరువు. తీసేసింది కూడా దాదాపు అంతే బరువు ఉంటుంది, అయినా స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించి సరే అనిపించుకున్నాకే ముందుకెళ్లాం. సెల్లార్ మీద స్లాబ్ అన్నప్పుడు ఈ పని మానేయకూడదు.

"ఉన్న స్లాబ్‌నే గ్రైండ్ చేసి పాలిష్ పట్టొచ్చు కదండీ, ఖర్చు తగ్గుతుంది" అని అక్క అడిగింది. మంచి ప్రశ్న, కొన్ని చోట్ల అదే చేస్తాం కూడా. ఇక్కడ కుదరలేదు. స్లాబ్ పైన కరెంటు పైపుల కోసం కొట్టిన గాళ్లు, వాటిని పూడ్చిన ప్యాచ్‌లు, ఎత్తుపల్లాలు ఉన్నాయి. గ్రైండ్ చేస్తే ప్రతి ప్యాచ్ ఒక్కో రంగులో బయటపడుతుంది, పైగా లోపలి ఇనుముకు ఉన్న కవర్ అరిగిపోతుంది. రెండు మూడు ఎంఎం మందంలో మైక్రోటాపింగ్ వేయొచ్చు కదా అన్నది తమ్ముడి మాట. మైక్రోటాపింగ్ అందంగానే ఉంటుంది, కానీ కింది పగులు ప్రతిదీ దాంట్లోంచి పైకి కనిపిస్తుంది, ఇక కుర్చీలు ఈడ్చే హోటల్‌లో అంత పల్చటి పొర మీద నాకు నమ్మకం లేదు.

గీతలు ఎక్కడ రావాలి

"జాయింట్లు వద్దన్నా. గీతలు గీతలు కనవడితే సర్కారు బడి గచ్చు లెక్క ఉంటది."

తమ్ముడు అన్న ఈ మాట నాకు ప్రతి సైట్‌లోనూ వినిపిస్తుంది. కాంక్రీట్ ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. మనం జాయింట్ ఇవ్వకపోతే తనకు నచ్చిన చోట పగిలి తనే జాయింట్ చేసుకుంటుంది, అప్పుడు వచ్చే గీత వంకరటింకరగా, షాపు మధ్యలో ఉంటుంది. నేల మీద పోసే కాంక్రీట్‌కి మందానికి 24 నుంచి 30 రెట్ల దూరంలో జాయింట్ అని ఒక లెక్క ఉంది, 60 ఎంఎంకి అది మీటరున్నర నుంచి 1.8 మీటర్ల దాకా వస్తుంది. స్లాబ్‌కి అతుక్కుని ఉండే టాపింగ్‌కి, అంటే దాని మీద పోసే కొత్త కాంక్రీట్ పొరకి, ఆ లెక్క ఒక్కటే సరిపోదు. కింద బీము లైన్ ఉన్న చోట, పాత పగులు ఉన్న చోట పైన కూడా జాయింట్ రావాలి, అది టాపింగ్ పూర్తి లోతు దిగాలి, పైపైన కోస్తే సరిపోదు.

అందుకే గీతల్ని దాచే ప్రయత్నం మానేసి వాటినే డిజైన్‌గా తీసుకున్నాం. ఫర్నిచర్ లేఔట్ తెప్పించి, బీము లైన్ల ప్లాన్ దాని మీద పెట్టి, టేబుళ్ల వరసలు, కౌంటర్ అంచు, చీరల రాక్‌ల అంచు ఎక్కడ కలుస్తున్నాయో చూసి గీశాం. కొన్ని చోట్ల టేబుళ్లనే అరడుగు జరపమన్నాం. పిల్లర్ల చుట్టూ చతురస్రాన్ని తిప్పి పెట్టి, దాని మూలల నుంచి గీతలు బయల్దేరేలా చేశాం, ఎందుకంటే పిల్లర్ మూల నుంచి పగులు రావడం చాలా మామూలు. జాయింట్లకు ఇత్తడి పట్టీలు, స్లాబ్ నుంచి పై మట్టం దాకా. అల్యూమినియం పట్టీలు చవక కానీ పచ్చి సిమెంటులోని క్షారం అల్యూమినియాన్ని తింటుంది, గ్యాస్ బుడగలు వచ్చి అంచులు గుల్లబారతాయి. పాతకాలం మొజాయిక్, ఐపీఎస్ (సిమెంటు కాంక్రీట్‌తోనే నున్నగా వేసే) గచ్చుల్లో గాజు పట్టీలు పెట్టేవాళ్లు, అవీ మంచివే, కానీ గ్రైండింగ్‌లో అంచులు చిట్లకుండా కాపాడుకోవడం కష్టం.

స్లాబ్ మీద సుద్దతో మొత్తం గీసి ఇద్దరినీ పిలిచి నడవమన్నాం. "రాక్‌ల లైన్‌కి కలుస్తున్నయ్ కదా, నాకు ఓకే" అంది అక్క. తమ్ముడు కాసేపు అటూ ఇటూ తిరిగి, "మా అమ్మమ్మ ఇంట్ల ఎర్ర గచ్చు ఉండె, అది ఎక్కడన్న కొంచెం వస్తదా" అని అడిగాడు. ఆ ప్రశ్న వల్ల పని అందం పెరిగింది. రెండు షాపుల్లోనూ తలుపు నుంచి కౌంటర్ దాకా రెండడుగుల వెడల్పున ఎర్ర పట్టీ పెట్టాం, రెండు వైపులా ఇత్తడి అంచు. రెండు షాపులూ ఒకే ఇంటివని బయట నుంచి చూడగానే తెలిసేది ఆ పట్టీతోనే.

మిగతాదంతా ఎరుపే చేద్దామా అని కూడా ఆలోచించారు. చీరల షాపులో అది పెద్ద తప్పవుతుంది. ఎర్ర నేల మీద లైటు పడితే ఆ ఛాయ పట్టు మీదికి కొడుతుంది, కొనేవాళ్లు చూసే రంగు మారిపోతుంది, చీర ఇంటికెళ్లాక వేరేగా కనిపిస్తుంది. బూడిద రంగు నేల ఏ రంగునీ మార్చదు.

శాంపిల్స్ మీద సాంబారు

ఈ కేసులో అసలు నిర్ణయమంతా ఇక్కడే జరిగింది. సైట్‌లో వాడబోయే సిమెంటు, ఇసుక, రంగులతోనే రెండడుగుల పలకలు పోయించి, ఆరాక గ్రైండ్ చేసి, ఒక్కోదానికి ఒక్కో ఫినిష్ ఇచ్చాం. ఒకటి డెన్సిఫైయర్ (పై పొరను గట్టిపరిచే ద్రావణం) కొట్టి 800 గ్రిట్ దాకా పాలిష్ చేసింది, గ్రిట్ నంబరు పెరిగేకొద్దీ నునుపు పెరుగుతుంది. రెండోది అదే, పైన కాంక్రీట్‌లోకి ఇంకి మరకలు ఆపే ఇంప్రెగ్నేటింగ్ సీలర్. మూడోది 200 దగ్గర ఆపి రెండు కోట్ల మ్యాట్ (మెరుపు లేని) పాలీయూరిథేన్ పూత. నాలుగోది ఎపాక్సీ అనే రెసిన్ పూత, అది ఎందుకు వద్దో చూపించడానికే.

తర్వాత వంట మాస్టర్‌ని పిలిచి, మీ హోటల్‌లో కింద పడేవన్నీ తీసుకురండి అన్నాం. సాంబారు, మిర్చీ కా సాలన్, నిమ్మచెక్క, రైతా, కారం నూనె, చింతపండు పులుసు, బిర్యానీ తిన్నాక వేసుకునే మీఠా పాన్. ఒక్కోటి పోసి కొన్నింటిని వెంటనే, కొన్నింటిని గంటకు, కొన్నింటిని మర్నాడు పొద్దున తుడిచాం.

పాలిష్ చేసిన పలక మీద నిమ్మరసం పడ్డ చోట కొద్ది నిమిషాల్లోనే తెల్లగా, మెరుపు పోయిన గుండ్రం వచ్చేసింది. అది మరక కాదు, తుడిస్తే పోదు. సిమెంటు క్షారం, పుల్లటివన్నీ ఆమ్లాలు, నిమ్మరసం సిమెంటును కరిగించి ఆ పొరనే తినేసింది. డెన్సిఫైయర్ అనేది లిథియం సిలికేట్ లాంటిది, కాంక్రీట్‌లో మిగిలిపోయే సున్నంతో కలిసి పై పొరను గట్టిపరుస్తుంది, దుమ్ము రాలకుండా చేస్తుంది, అరుగుదల తగ్గిస్తుంది. కానీ ఆమ్లం నుంచి కాపాడదు. "పాలిష్డ్ కాంక్రీట్‌కి మరకలు పడవు" అని అమ్మేవాళ్లు ఈ తేడా చెప్పరు. ఇంప్రెగ్నేటింగ్ సీలర్ వేసిన రెండో పలక నూనెని బాగా ఆపింది, నిమ్మని మాత్రం కాసేపే ఆలస్యం చేయగలిగింది.

పసుపు ఇంకా ఆసక్తికరం. పాలిష్ పలక మీద సాలన్ మరక పసుపుగా ఉండాల్సింది పోయి ఎర్రబడింది. తమ్ముడు ఆశ్చర్యపోయాడు కానీ అక్క వెంటనే పట్టేసింది: దిష్టి తీసే ఎర్రనీళ్లు పసుపులో సున్నం కలిపితేనే కదా వస్తాయి. అదే జరిగింది, కాంక్రీట్‌లో సున్నం ఉంది. పాలీయూరిథేన్ పలక మీద మర్నాటికి లేత పసుపు ఛాయ మిగిలింది. దాన్ని ఎండలో పెడితే మెల్లగా వెలిసిపోయింది, పసుపు రంగు వెలుతురుకు నిలవదు. మిగతావన్నీ తడిగుడ్డకే వచ్చేశాయి, పాన్ మరకతో సహా.

దాంతో వాదన ముగిసింది. చీరల షాపు మీద పడేది దుమ్ము, చెప్పుల ఇసుక, ఎప్పుడైనా ఒక టీ కప్పు. అక్కడ పాలిష్డ్ కాంక్రీట్ సరైనది, పైన పొర ఏదీ లేదు కాబట్టి ఊడేదేమీ ఉండదు, దుమ్ము రాలదు కాబట్టి చీరలకు నష్టం లేదు. 3000 గ్రిట్ దాకా వెళ్లలేదు, 800 దగ్గర ఆపాం. చీరల షాపుల్లో స్పాట్ లైట్లు ఎక్కువ, అద్దంలా మెరిసే నేల ఉంటే లైట్లన్నీ కళ్లల్లోకి కొడతాయి. డైనింగ్‌కి అదే కాంక్రీట్, అదే రంగు, అదే మోతాదులో ఇసుక కనిపించేంత గ్రైండింగ్, పైన మాత్రం మ్యాట్ పాలీయూరిథేన్. రెండడుగుల దూరం నుంచి చూస్తే తేడా తెలియదు.

పోత రోజు

సిమెంటు ఓపీసీ 53 (బూడిద కలపని 53 గ్రేడు సిమెంటు), అంతా ఒకే వారం ప్యాక్ అయిన బస్తాలు. బస్తా మీద వారం, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి, మేం దింపుకునేటప్పుడే చూసి వేరేవి వెనక్కి పంపేశాం. పీపీసీ ఎందుకు వాడలేదంటే అందులో కలిపే ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) సున్నాన్ని వాడేసుకుంటుంది, అప్పుడు డెన్సిఫైయర్‌కి కలవడానికి మిగిలేది తక్కువ, పైగా బూడిద రంగు బస్తా బస్తాకూ మారొచ్చు. ఇల్లు కట్టడానికి పీపీసీ మంచి సిమెంటే, ఇక్కడ అవసరం వేరు. కడిగిన రోబో శాండ్ (రాయిని నలిపి చేసిన ఇసుక), 10 ఎంఎం, 6 ఎంఎం చిప్స్, నీళ్లు సిమెంటు బరువులో 0.42 వంతు, పనికి వీలుగా సూపర్ ప్లాస్టిసైజర్. బూడిద రంగు కాస్త ముదరడానికి నల్ల ఐరన్ ఆక్సైడ్ సిమెంటు బరువులో 2 శాతం, ఎర్ర పట్టీకి ఎర్ర ఆక్సైడ్ 5 శాతం. 10 శాతం దాటితే రంగు పెద్దగా పెరగదు, కాంక్రీట్ బలం మాత్రం తగ్గుతుంది.

రంగు కాంక్రీట్‌లో నీళ్లు కంటితో చూసి పోయడం కుదరదు. ఒక ట్రిప్పులో ఒక మగ్గు నీళ్లు ఎక్కువైతే ఆ ముక్క ఆరాక తెల్లబారుతుంది, పక్క ముక్కతో కలవదు, దాన్ని తర్వాత ఏ పాలిష్ సరిచేయలేదు. ప్రతి ట్రిప్పుకీ తూకం వేశాం. మేస్త్రీకి మొదట విసుగొచ్చింది, రెండు గళ్లు (పట్టీల మధ్య పోసిన ముక్కలు) ఆరాక రంగు తేడా లేకపోవడం చూసి తనే తూకం దగ్గర నిలబడ్డాడు.

ఇంకో అలవాటు గట్టిగా ఆపాల్సి వచ్చింది. పైకి నీళ్లు తేలగానే పొడి సిమెంటు చల్లి తాపీతో నున్నగా రుద్దడం మన దగ్గర చాలామంది తాపీ మేస్త్రీలకు చేతి అలవాటు. ఆ పై పొరలో సిమెంటు మరీ ఎక్కువై, ఆరగానే సాలెగూడు లాంటి సన్నటి పగుళ్లు వస్తాయి, గ్రైండింగ్‌లో పెచ్చులుగా లేస్తుంది. తేలిన నీళ్లు వాటంతటవే ఆరే దాకా ఆగాలి, అంతే. ఆగడం కష్టం, ముఖ్యంగా పనివాళ్లు తెల్లవారుజామున వచ్చి ఎండెక్కేలోపు వెళ్లిపోదామనుకునే రోజుల్లో.

పోత తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండెక్కేలోపు ముగించేవాళ్లం. షటర్లు సగం దించి, అద్దాలకు గుడ్డలు కట్టాం. హైదరాబాద్ ఏప్రిల్ వడగాలి పచ్చి కాంక్రీట్ మీద తగిలితే గంటల్లోనే పై పొర బీటలు వారుతుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. క్యూరింగ్‌కి, అంటే కాంక్రీట్‌లో తడి త్వరగా ఆరిపోకుండా, తడి గోనె సంచులు వేయలేదు. మామూలు స్లాబ్‌కి అవి బ్రహ్మాండం, రంగు గచ్చు మీద మాత్రం గోనె అల్లిక, దాని రంగు అచ్చుపడతాయి. ప్లాస్టిక్ షీట్ కప్పితే ముడతలు తగిలిన చోట ఒక ఛాయ, తగలని చోట ఒక ఛాయ. గ్రైండింగ్‌లో పోయే రకం క్యూరింగ్ కాంపౌండ్ స్ప్రే చేశాం. ఎర్ర పట్టీ బూడిద గళ్లన్నీ గట్టిపడ్డాక విడిగా పోశాం.

గ్రైండింగ్ గురించి పెద్దగా చెప్పను, మెషీన్ పని మెషీన్ చేస్తుంది. త్రీ ఫేజ్ కరెంటు ఉందో లేదో ముందే చూసుకోవాలి. మెటల్ సెగ్మెంట్లతో 40, 80 గ్రిట్, తర్వాత సన్న రంధ్రాలు పూడ్చే గ్రౌట్, తర్వాత 120, డెన్సిఫైయర్, ఆపైన రెసిన్ ప్యాడ్లు. ఎర్ర పట్టీ దగ్గర తడి గ్రైండింగ్ చేయలేదు, ఎర్ర బురద పక్కన బూడిద గళ్ల రంధ్రాల్లోకి దిగుతుంది కాబట్టి వాక్యూమ్ పెట్టి పొడిగానే చేశాం. ఈ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి బయటికి రాదు, కర్చీఫ్ కట్టుకుంటే సరిపోదు. మా సైట్‌లో సరైన మాస్క్ లేకుండా మెషీన్ పట్టుకోనివ్వను. తడి బురదను డ్రైనేజీలో పోయడం కూడా అంతే నేరంగా చూస్తాను, అది లోపల రాయిలా గడ్డకడుతుంది. డ్రమ్ముల్లో తేర్చి, గట్టిపడిన ముద్దను కూల్చివేత చెత్తతో పాటు పంపాం. టైమ్ తినేది గోడ అంచులు, పిల్లర్ల చుట్టూ, పెద్ద మెషీన్ వెళ్లని చోట చిన్న గ్రైండర్‌తో మోకాళ్ల మీద చేసే పని. కొటేషన్ చూసేటప్పుడు అంచులకు ఎంత పెట్టారో అడగండి, అడుగు లెక్క మీద చవకగా చెప్పినవాళ్లు కోత పెట్టేది అక్కడే.

డైనింగ్‌లో పాలీయూరిథేన్ వేసే ముందు రోజు ప్లాస్టిక్ ముక్కలు నేలకు నాలుగు వైపులా టేపుతో అంటించి రాత్రంతా వదిలాం. పొద్దున వాటి లోపలి వైపు చెమ్మ లేదు, కింద నేల రంగు మారలేదు, అప్పుడే కోటింగ్. తడి ఉన్న కాంక్రీట్ మీద పూత వేస్తే పొక్కులు లేస్తాయి. చేతులు కడుక్కునే బేసిన్ల ముందు కోటింగ్‌లో సన్నటి గరుకు పొడి కలిపాం, సబ్బు నీళ్లు పడితే అక్కడే జారుతుంది. ఎండకు పసుపెక్కని ఆలిఫాటిక్ రకమే వాడాం, ముందు అద్దాల్లోంచి సాయంత్రం ఎండ నేరుగా పడుతుంది. ఎపాక్సీ అయితే అక్కడ పసుపెక్కేది.

కిచెన్

కిచెన్ కథ పూర్తిగా వేరు. అదే ప్లాస్టిక్ ముక్క టెస్ట్ కిచెన్‌లో చేస్తే పొద్దునకి లోపల నీటి బొట్లు, కింద మట్టి నుంచి చెమ్మ వస్తోంది. బిర్యానీకి బియ్యం సగం ఉడికించి వార్చే నీళ్లు రోజూ మరుగుతూ నేల మీద పడతాయి. ఎపాక్సీ సుమారు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, వేడి నీళ్లు, వెంటనే చన్నీళ్లు పడేసరికి కింద కాంక్రీట్ ఒక రకంగా, పైన ఎపాక్సీ ఒక రకంగా సాగి అతుకు విడిపోతుంది. కాబట్టి 9 ఎంఎం పీయూ (పాలీయూరిథేన్ కలిపిన) కాంక్రీట్. ఇది కాంక్రీట్‌తో పాటే సాగుతుంది, ముడుచుకుంటుంది, చెమ్మనీ ఓర్చుకుంటుంది. అడుగు లెక్కన అన్నిటికంటే ఎక్కువ ఖర్చు పడింది ఇక్కడే, తమ్ముడు బేరం ఆడింది కూడా ఇక్కడే. హోటల్ మూసి కిచెన్ ఫ్లోర్ మళ్లీ వేసుకుంటే పోయే రోజుల అమ్మకం లెక్క వేసి చూపించాక ఒప్పుకున్నాడు.

ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2011 నిబంధనల ప్రకారం కూడా వంట చేసే చోట నేల కడగడానికి వీలుగా, నీళ్లు నిలవకుండా ఉండాలి. కాలువ వైపు మీటరుకు 12 ఎంఎం వాటం ఇచ్చాం, గోడ దగ్గర నేల నేరుగా ఆగకుండా 100 ఎంఎం పైకి గుండ్రంగా ఎక్కించాం. రంగు డైనింగ్ బూడిదకు దగ్గరగా ముదురు బూడిద, తలుపు తెరిచినప్పుడు వేరే నేల అనిపించదు. డైనింగ్‌కి, కిచెన్‌కి మధ్య ఆ గోడ లైన్‌లో రెండు వైపులా స్టెయిన్‌లెస్ స్టీల్ యాంగిల్ పెట్టి మధ్యలో సాగే సీలెంట్ నింపాం, పీయూ కాంక్రీట్‌ని దాని మీదుగా పోనివ్వలేదు.

ముందు మెట్లు, వరండా వాన, ఎండ రెండూ తింటాయి. అక్కడ అదే రంగు కాంక్రీట్, పై సిమెంటు పచ్చిగా ఉండగానే కడిగేసి చిప్స్ తేలేలా గరుకుగా వదిలాం. తలుపు లోపల నేలలో గుంట చేసి ఆరడుగుల పొడవున కాళ్లు తుడుచుకునే మ్యాట్ దించాం. మన రోడ్ల దుమ్ము గ్రానైట్ పొడి, అందులోని క్వార్ట్జ్ ఏ పూతనైనా గీకేస్తుంది, ఆ మ్యాట్ లేకపోతే మిగతా పనంతా వృథా.

తుడిచేవాళ్లతో మాట్లాడటం

ఇంటీరియర్ అయ్యాక, తాళాలు ఇచ్చే ముందు, రెండు షాపుల్లో మాపింగ్ చేసే అమ్మలను పిలిపించాం. మరక పోకపోతే ఏం చేస్తారమ్మా అని అడిగాను. "గట్టి మరకైతే యాసిడ్ పోసి రుద్దుతం సార్, ఎక్కడైన గంతే చేస్తం." టైల్స్ మీద నడిచిపోయే ఆ పద్ధతి పాలిష్డ్ కాంక్రీట్ మీద ఒక్క రోజులో ఫ్లోర్‌ని చంపేస్తుంది. శాంపిల్ పలక బయటికి తెచ్చి దాని మీద బాత్రూం యాసిడ్ ఒక చుక్క వేశాను. బుసబుసా పొంగింది. తుడిచి చూస్తే గుంట. ఆ పలకను స్టోర్ రూంలో యాసిడ్ సీసాలు పెట్టే అలమారలోనే పెట్టించాం. ఆమ్లమూ క్షారమూ కాని పీహెచ్ న్యూట్రల్ క్లీనర్, మెత్తటి మాప్, పుల్లటిది పడితే వెంటనే తుడవడం, ఈ మూడే చెప్పాం. ఒకావిడ బేసిన్ల పక్క మూలలో నీళ్లు నిలుస్తున్నాయని, వైపర్‌తో ఎటు తోసినా వెనక్కి వస్తున్నాయని చూపించింది. లెవెల్ పెట్టి చూస్తే నిజమే, ప్లంబర్ నీళ్లు పోయే జాలీని మూడు ఎంఎం పైకి పెట్టేశాడు. ఆ రోజే తీసి దించారు.

ఇప్పటికి ఏడాది దాటింది. చీరల షాపులో షటర్ ట్రాక్ మూల నుంచి వెంట్రుక లాంటి పగులు ఒకటి బయల్దేరి మొదటి ఇత్తడి పట్టీ దగ్గర ఆగింది. ఇలాంటిది రావచ్చని అగ్రిమెంట్‌లోనే రాశాం, దాన్ని పూడిస్తే ఇంకా ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి అలాగే వదిలేశాం. కౌంటర్ ముందు ఎవరో నిమ్మ సోడా ఒలకబోసిన గుండ్రం ఒకటి వచ్చింది, 400, 800 ప్యాడ్లతో చేత్తో పాలిష్ చేసి మళ్లీ డెన్సిఫైయర్ కొడితే చాలావరకు కలిసిపోయింది. డైనింగ్‌లో ఒక్క నిమ్మ మరక లేదు, కానీ తలుపు నుంచి కౌంటర్ దాకా జనం నడిచే దారిలో మ్యాట్ పూత అరిగి కాస్త మెరుస్తోంది, ముఖ్యంగా ఎర్ర పట్టీ మీద. అది మామూలే, పూర్తిగా అరగకముందే పైపైన గీకి ఇంకో కోటు వేస్తే సరిపోతుంది. కాంక్రీట్ దాకా అరిగాక పిలిస్తే మళ్లీ మొత్తం గ్రైండ్ చేయాలి, కాబట్టి వచ్చే ఎండాకాలం రెండు రాత్రులు హోటల్ మూశాక ఆ దారి వరకు వేస్తాం. కుర్చీల కాళ్లకు రబ్బరు బూట్లు ఊడిపోయిన చోట గీతలున్నాయి, కొత్తవి తెప్పించమన్నాం.

కిచెన్ తలుపు దగ్గర జాయింట్ వానాకాలం తర్వాత రెండు ఎంఎం పైగా తెరుచుకుంది, కిచెన్ వైపు కొంచెం దిగింది. సీలెంట్ సాగి నిలబడింది, రెండు వైపులా నేల మీద ఒక్క పగులు లేదు. సీలెంట్ అంచు మాత్రం ట్రాలీ చక్రాల కింద కాస్త నలిగింది, పైపూత వేసే రోజునే దాన్ని తీసి కొత్తది నింపుతాం.